గిడ్డమ్మ నోరు, ఉరుకుందమ్మ ఊపిరి

నల్లబండ ఊళ్లో గిడ్డమ్మకూ ఉరుకుందమ్మకూ పన్నెండేళ్లుగా తగువు. రెండిళ్లకూ నడిమి గోడ ఒకటే. ఆ గోడకు పిడకలు కొట్టే హక్కు ఎవరిదన్న దగ్గర అది మొదలైంది. తూర్పు ముఖం గిడ్డమ్మది, పడమటి ముఖం ఉరుకుందమ్మది అని పెద్దమనుషులు తీర్పు చెప్పారు గాని, గోడ నెత్తి ఎవరిదో చెప్పడం మరిచిపోయారు. ఆ జానెడు మట్టి మీదనే తగువు పన్నెండేళ్లు కాపురం చేసింది.

గిడ్డమ్మ పొట్టి మనిషి. నోరు పదును. ఒక్కో మాటా రేగుముల్లులా దిగేది. కాని ఆమె దగ్గర సరుకుందే గాని దమ్ము లేదు; నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. ఉరుకుందమ్మ అట్లా కాదు. కొంగు నడుముకు చుట్టి, గోడ మీద మోచెయ్యి ఆనించి, ఒక్కసారి గాలి పీల్చిందంటే గిడ్డమ్మ పుట్టింటితో ఎత్తుకునేది. పెళ్లినాడు పెట్టని సారె, అత్త పిసినారితనం, మామ తాగుడు, మొగుడు కంబన్న మెల్లకన్ను, ఇద్దరు ఆడబిడ్డల నడత, అన్నీ దాటుకుని చివరికి కొట్టంలోని గేదె, చూలు నిలవని ఆ ఎనుము దాకా వచ్చి అక్కడ ఆగేది. మధ్యలో ఊపిరి తీసేది కాదు. వినేవాళ్లే ఊపిరి బిగబట్టి, ఆమె ఎనుము దగ్గరికి చేరగానే హమ్మయ్య అనుకునేవాళ్లు. గిడ్డమ్మకు ఒళ్లు మండేది. మండుతూనే, లోలోపల, "ఏం దమ్మే తల్లీ ఇది" అనుకునేది. ఆ మాట మాత్రం చచ్చినా పైకి అనేది కాదు.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, ఆషాఢంలో ఫ్లూ జ్వరం వచ్చింది. మద్రాసులో ఓడ దిగిందన్నారు, గుంతకల్లులో రైలు దిగిందన్నారు. "రాజధానిని తీసుకుపోయి బదులుగా దీన్ని పంపినారప్పా" అన్నాడు బండి తోలే రసూల్ సాహెబ్. వారం తిరక్కుండా నల్లబండలో సగం ఇళ్లకు తలుపులు పడ్డాయి. గిడ్డమ్మ ఐదు రోజులు మూలిగి లేచింది. ఉరుకుందమ్మ పన్నెండు రోజులు మంచం దిగలేదు.

శ్రావణం వచ్చాక ఉరుకుందమ్మ మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది. మనిషి చిక్కింది గాని నోరు చిక్కలేదు. ఆ రోజు గిడ్డమ్మ గోడ నెత్తి మీద పప్పు ఎండబెట్టింది. ఉరుకుందమ్మ కొంగు చుట్టింది, గాలి పీల్చింది, పుట్టింటితో మొదలుపెట్టింది. గిడ్డమ్మకు ఆ రోజు ఎందుకో తిక్క రేగింది. అత్త దగ్గరికి రాకముందే అడ్డం తగిలి, "నీ ఊపిరి ఆగిపోనూ!" అని అరిచింది.

ఉరుకుందమ్మ టక్కున ఆగిపోయింది. కుడిపక్క డొక్క పట్టుకుని, కళ్లు తేలేసి, గోడ వెనక కూలబడింది.

పన్నెండేళ్లలో ఆమె మాట మధ్యలో ఆగడం అదే మొదలు. గిడ్డమ్మ గెలిచాననుకుంది. ఇంట్లోకి పోయి, పండగా పబ్బమూ లేకుండా బెల్లం తీసి ఓళిగలు చేసింది. "ఎవరన్నా వస్తాండారా?" అని అడిగాడు కంబన్న. "నువ్వు తిను" అంది గిడ్డమ్మ.

ఆ గెలుపు నాలుగు రోజులే రుచిగా ఉంది. ఉరుకుందమ్మ గోడ దగ్గరికి రావడం మానేసింది. వచ్చినా, గిడ్డమ్మ అరిచినంతసేపు అరవనిచ్చి, ఎప్పుడన్నా ఎత్తుకున్నా ఎనుము దాకా రాకుండానే ఆపి, రొప్పుతూ లోపలికి పోయేది. అవతల బదులు పలికే మనిషి లేక గిడ్డమ్మ తిట్లన్నీ గోడకు తగిలి తన మీదనే పడ్డాయి. ఆమెకు అది పెద్ద అవమానంగా తోచింది. నేరుగా పోయి ఊరి పెద్దకు ఫిర్యాదు చేసింది.

"నేను తిడ్తాంటే అది బదులు చెప్పడంలేదు."

"దానికి నన్నేం చేయమంటావమ్మా?"

"నన్ను మనిషిగా లెక్కపెట్టడంలేదు. అడుగు దాన్ని!"

ఊరి పెద్ద కండువా నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు.

ఇంతలో ముసలి హులిగెమ్మ నోరు విప్పింది. శాపం పెట్టిన పూట ఆమె ఆ దారినే పోతూ విన్నది. దసరా నాటికి సంగతి ఊరంతా పాకింది. గిడ్డమ్మ నోరు తగిలి ఉరుకుందమ్మ ఊపిరి పోతోందన్నారు. గిడ్డమ్మ ఎదురొస్తే బాలింతలు బిడ్డల మీద కొంగు కప్పారు. అంగడివాడు అడక్కుండానే కొసరు వేశాడు. ఒక పొద్దున ముక్కూ ముఖం తెలియని మనిషి పక్క ఊరి నుంచి వచ్చి, రెండు కోళ్లు కాళ్లు కట్టి గిడ్డమ్మ ముందు పెట్టాడు.

"మా దాయాది ఒకడు ఉండాడు తల్లీ. ఎక్కువేమీ వద్దు. వాని చేత్తో వాడు నీళ్లు ముంచుకోలేకుండా ఒక మాట అను చాలు."

గిడ్డమ్మ కోళ్లతో సహా అతన్ని వీధిలోకి నెట్టింది. నెట్టి, తలుపు గడియ పెట్టుకుంది. నిజంగా తన మాట వల్లనే అయిందా? రెండు రోజులు అన్నం సరిగ్గా పోలేదు. చివరికి ఒక ఉపాయం తోచింది. పెట్టిన నోటితోనే శాపం వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. గోడ దగ్గర నిలబడి గొంతెత్తింది.

"ఏమే ఉరుకుందీ! నీ ఊపిరి నూరేళ్లు ఆడనీ! నీ కడుపు సల్లగుండ! నువ్వు పదికాలాలు బతకాలే!"

ఆశీర్వాదమే. కాని పన్నెండేళ్ల అలవాటు. గొంతు మాత్రం తిట్టే గొంతే వచ్చింది. ఎగతాళి అనుకుని ఉరుకుందమ్మ గోడ దగ్గరికి ఉరికింది.

"గిడ్డీ... నీ..."

అంతే. మూడో మాట రాలేదు. గోడ పట్టుకుని, చేపలా నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంది. గిడ్డమ్మ ఆమె పెదవులు చూసింది. నేరేడుపండు తిన్నదానిలా నల్లగా, నీలంగా ఉన్నాయి. మార్గశిరంలో నేరేడుపండ్లు ఎక్కడివి?

మర్నాడు పొద్దున దిగుడుబావి దగ్గర ఇంకో సంగతి చూసింది. ఆ బావికి ముప్పై ఆరు మెట్లు. ఉరుకుందమ్మ బిందె నడుమున పెట్టుకుని ఎక్కుతూ ఐదుచోట్ల కూర్చుంది. ఐదోసారి లేవలేదు. గిడ్డమ్మ తన బిందె అక్కడే వదిలి కిందికి దిగి, ఆమె బిందె లాక్కుంది.

"ఇడువు!" అంది ఉరుకుందమ్మ.

"ఇడవను!"

"నా... నీళ్లు!"

"నీ నీళ్లు నాకేం తీర్థమా? ముయ్యి నోరు!"

బిందె ఆమె ఇంట్లో దించి, అక్కడే గాటి దగ్గర ఎద్దులకు మేత వేస్తున్న ఈరప్ప మీద పడింది. ఈరప్ప ఉరుకుందమ్మ మొగుడు. పెళ్లయినప్పటి నుంచీ ఇంట్లో మాట్లాడే అవసరం రాక, మాట్లాడటం దాదాపు మరిచిపోయిన మనిషి.

"ఈరప్పన్నా, నీ పెండ్లాం సంగతి చూస్తాండావా? కర్నూలు పెద్దాసుపత్రికి పిల్సకపో."

"పత్తి ఏరినాక పోతామమ్మా. నీరసమంట. ఆకు పసరు పోపిస్తాండా."

"నీరసమైతే నాలుగు నెలలుంటాదా? పత్తి ఏరేనాటికి ఏరడానికి నువ్వొక్కనివే మిగుల్తావు!"

ఈరప్ప చేతిలోని చొప్ప కట్ట జారిపోయింది. ఊళ్లో అందరూ తనను చూసి "బతికిపోతివప్పా, ఇల్లు నిమ్మళంగా ఉండాది" అని నవ్వుతున్నారు. ఆ నిమ్మళానికే అతనికి నిద్ర పట్టడంలేదు. కండువాతో కళ్లు తుడుచుకుని, "రేపే పోదాం. నువ్వూ రా" అన్నాడు.

"నేనెందుకు?"

"నాకు మాట్లాడేది రాదు గదమ్మా."

కోడుమూరు దాకా రసూల్ సాహెబ్ బండి. అతను ఇద్దరు ఆడవాళ్లనూ చూసి ఎద్దుల మెడల మీద చెయ్యి వేశాడు. "ఒకే బండిలోనా? అల్లా! నా ఎద్దులు బెదరకుండా చూసుకోండమ్మా" అన్నాడు. కాని నాలుగు మైళ్లూ ఎద్దులు బెదరలేదు. ఆ మౌనానికి రసూల్ సాహెబే బెదిరాడు.

కోడుమూరులో బస్సెక్కి మధ్యాహ్నానికి కర్నూలు చేరారు. ఆడవాళ్ల వార్డులో నర్సు విశ్వాసమ్మ పేర్లు రాసుకుంటూ, రాత్రిపూట మగవాళ్లు వార్డులో ఉండకూడదనీ, తోడుగా ఆడమనిషి ఉండాలనీ చెప్పి, గిడ్డమ్మను చూసింది.

"నీకేమవుతుంది ఈమె?"

గిడ్డమ్మ ఆలోచించింది. "మా నడిమి గోడ ఒకటేనమ్మా" అంది.

విశ్వాసమ్మ చుట్టరికం గడిలో ఏం రాయాలో తెలియక "చెల్లెలు" అని రాసింది. మంచం మీది నుంచి ఉరుకుందమ్మ కాదన్నట్లు చెయ్యి ఊపింది గాని, ఎవరూ చూడలేదు.

డాక్టరు జ్ఞానరాజు నలభై ఏళ్ల మనిషి, తొందర లేని మనిషి. ఉరుకుందమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మెడ నరాలు చూశాడు. కాళ్లు వేలితో నొక్కితే గుంట పడింది.

"ఆయాసం ఎప్పటి నుంచి?" అని ఈరప్పను అడిగాడు.

"అదేందో... పోయిన పంటకు బాగనే ఉండెను సామీ."

"ఎంత పని చేస్తే వస్తుంది?"

గిడ్డమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"నేను చెప్తా సామీ. జరానికి ముందు దీని దమ్ము మా ఎనుము దాకా వచ్చేది."

"ఎక్కడి దాకా?"

"మా పుట్టింటి కాడ మొదలుపెడితే, సారె, మా అత్త, మా మామ, మా ఆయప్ప, ఇద్దరు ఆడబిడ్డలు, మా ఎనుము. అంతా ఒక్క దమ్ము. జరం పోయినాక, ఇనాయక చవితికి ఆడబిడ్డల కాడ ఆగేది. దసరాకు మా ఆయప్ప కాడ. దీపావళికి మా మామను దాటలే. కార్తీకంలో మా అత్తకే నిలబడిపాయ. ఇప్పుడు నా పేరు కూడా పూర్తిగా అనలేకుండాది సామీ. గిడ్డీ అంటాది, ఆడికే సరి."

విశ్వాసమ్మ గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. డాక్టరు నవ్వలేదు. కలం తీసి వరుసగా రాసుకున్నాడు. ఎనుము, ఆడబిడ్డలు, మొగుడు, మామ, అత్త. పక్కన నెలలు వేశాడు.

"నెలనెలా కొలిచి చెప్పిన మనిషి నాకు ఇంతవరకు దొరకలేదమ్మా" అన్నాడు. "ఇంకేమైనా చూశావా? కాలు వాచిందా?"

"జరంలో నుంచి లేచినాక ఎడమకాలి కడియం తీసేసి వచ్చింది సామీ. అరుగుతాదని దాచిపెట్టుకున్నావా అని నేను ఎక్కిరించినా. కాలు వాచి పట్టలేదని తర్వాత తెల్సింది. ఆ వారంలోనే ఒకనాడు డొక్క పట్టుకొని కూలబడె. ఆ సాయంత్రం దగ్గితే నెత్తురు చార కనపడిందంట."

"ఆ రోజు అంత బాగా ఎట్లా గుర్తుంది?"

గిడ్డమ్మకు ఓళిగల వాసన ముక్కుకు తగిలినట్లయి, తల దించుకుంది.

రెండు రోజులు పరీక్షలు జరిగాయి. క్షయేమోనని ఈరప్ప వణికాడు గాని, కాదని తేలింది. ఎక్స్‌రే తీశారు. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా తీశారు. మూడో రోజు డాక్టరు ఉరుకుందమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ముగ్గురికీ చెప్పాడు.

"గాలి పోయే దారి బాగానే ఉంది. చెడింది ఊపిరితిత్తుల్లో నెత్తురు తిరిగే దారి. ఫ్లూ పెద్దగా వచ్చి, అన్ని రోజులు మంచాన పడి ఉంటే, కాలి నరంలో నెత్తురు గడ్డ కట్టింది. ఆ గడ్డ విరిగి పైకి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంది. ఆ రోజు డొక్కలో వచ్చిన నొప్పి అదే. తర్వాత కూడా చిన్న చిన్న గడ్డలు పోయి ఉంటాయి. మీ ఊళ్లో సందులన్నీ రాళ్లు పడి ఇరుకైపోయాయనుకోండి. బండి అదే, బరువు అదే. లాగే ఎద్దు ఏమవుతుంది?"

"రొప్పుతాది" అన్నాడు ఈరప్ప. ఎద్దుల సంగతి గనక వెంటనే అర్థమైంది.

"ఆ ఎద్దు ఈమె గుండె. అందుకే కాళ్లకు నీరు, పెదవులకు నీలం."

గిడ్డమ్మ ముఖం విప్పారింది. లేచి నిలబడి చేతులు జోడించింది. "అయితే సామీ, ఇది నా నోటి వల్ల రాలేదు గదా? ఊళ్లో అందరూ నా మీద పెట్టినారు. గిడ్డమ్మ నోటి వల్ల వచ్చింది కాదు అని ఒక చీటీ రాసి, ఆసుపత్రి ముద్ర ఏసి ఇయ్యి సామీ. హులిగెమ్మ ముఖాన కొడతా."

డాక్టరు నవ్వుతూనే చీటీ తీశాడు. "శాపాలకు ఊపిరితిత్తులు చెడవమ్మా. ఫ్లూ వల్ల వచ్చింది. ఫ్లూ ఉన్నవాళ్లు దగ్గర నిలబడి దగ్గినా, తుమ్మినా, గట్టిగా అరిచినా నోటి తుంపర్లతో అవతలివాళ్లకు అంటుకుంటుంది. అంతే." రాస్తూ రాస్తూ మాటవరసకు అడిగాడు. "మీ వీధిలో ముందు ఎవరికి వచ్చింది?"

గిడ్డమ్మ చీటీ కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆషాఢంలో ఒళ్లు కాలిపోతుంటే, ముక్కు కారుతుంటే, గోడ దగ్గర అరగంట తగువాడి పోయి పడుకున్న సంగతి కళ్ల ముందు నిలిచింది. ఉరుకుందమ్మకు జ్వరం పట్టింది ఆ తర్వాత మూడో నాడు.

మంచం మీది నుంచి ఉరుకుందమ్మ చెయ్యి లేచింది. వేలు నేరుగా గిడ్డమ్మ వైపు తిరిగింది.

"దీనికే..." ఊపిరి తీసుకుంది. "ముందు..." మళ్లీ తీసుకుంది. "వచ్చినాది!"

డాక్టరు కలం ఆగింది. విశ్వాసమ్మ ఈసారి గోడ వైపు తిరగలేదు, బాహాటంగానే నవ్వింది. ఉరుకుందమ్మకూ నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. ఆ ఆయాసంలో కూడా వేలు దించలేదు. గిడ్డమ్మ ఆమె వీపు రాస్తూ, "చాల్లే, సస్తావు, చాల్లే" అంటూ తానే ఏడ్చింది.

"ఏడవకమ్మా" అన్నాడు డాక్టరు. "దేశమంతా వచ్చిన జ్వరం. నీకొకరు ఇచ్చారు, వాళ్లకింకొకరు. ఎవరి నుంచి ఎవరికో దేవుడికే తెలియాలి. చీటీ రాయమంటావా, వద్దా?"

"వద్దులే సామీ" అంది గిడ్డమ్మ.

ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచారు. నెత్తురు గడ్డకట్టకుండా మందు, నీరు దిగడానికి మందు, గుండెకు మందు. మెట్లెక్కకూడదు, బరువు మొయ్యకూడదు, కూటిలో ఉప్పు ఉండకూడదు. అన్నింటికంటే ఉప్పు దగ్గరే ఉరుకుందమ్మ మొండికేసింది. చప్పిడి కూడు మొదటి రోజు గిన్నెతో సహా నెట్టేసింది. గిడ్డమ్మ అదే గిన్నెలోది తాను ఒక ముద్ద మింగి, ముఖం వికారంగా పెట్టి, "నేను తిన్యా. ఇంక నువ్వు తిను" అంది. ఇరవై రోజులూ ఆ పోటీ మీదనే భోజనం నడిచింది. మూడో వారానికి గిడ్డమ్మ కూడా రెండు శేర్ల బరువు తగ్గింది.

ఊరికి తిరిగి వచ్చిన పూట హులిగెమ్మ వీధి మొగలోనే అడ్డం వచ్చింది. "ఏమన్నాడే డాక్టరు? నోరు తగిలిందా, లేదా?"

గిడ్డమ్మకు అబద్ధం నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. "శాపం కాదన్నాడు. జరం నా కాడి నుంచే దానికి పోయిండొచ్చు. ముక్కు కారుతాంటే ఎవరి మీదా అరవద్దన్నాడు. నీకేమన్నా జలుబుంటే కొంచెం దూరంగా నిలబడి మాట్లాడు."

హులిగెమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ తర్వాత బావి మెట్లు ఉరుకుందమ్మకు పూర్తిగా బందు. రెండిళ్ల నీళ్లూ గిడ్డమ్మే తెచ్చింది. ఉరుకుందమ్మ గడపలో కూర్చుని, బిందె సరిగ్గా తోమలేదని చెప్పడానికి మూడు విడతలు తీసుకునేది. గిడ్డమ్మ బిందె నెత్తిన అట్లాగే పెట్టుకుని ఆ మూడు విడతలూ నిలబడి వినేది. పూర్తి కాకముందు పోతే మళ్లీ మొదటి నుంచి చెప్పి, దాని ఊపిరి అనవసరంగా ఖర్చయిపోతుందని భయం.

చైత్రంలో మళ్లీ ముగ్గురూ కర్నూలు పోయారు. కాళ్ల వాపు దిగింది. పెదవులు తేటబడ్డాయి. డాక్టరు జ్ఞానరాజు అడిగితే గిడ్డమ్మ, దమ్ము మామ దాకా వచ్చిందనీ, మంచి రోజున కంబన్న మెల్లకన్ను దాకా కూడా పోతోందనీ చెప్పింది. ఆయన సంతోషంగా రాసుకున్నాడు.

"మొత్తం బాగైపోతాదా సామీ?" అని అడిగింది గిడ్డమ్మ.

డాక్టరు కలం కింద పెట్టాడు. "కొన్ని దారులు తెరుచుకున్నాయి. కొన్ని ఇక తెరుచుకోవు. మందు మానకుండా, ఒళ్లు అలవకుండా ఉంటే చాలా ఏళ్లు బతుకుతుంది. మునుపటి దమ్ము మాత్రం రాదమ్మా. అబద్ధం చెప్పలేను."

ముగ్గురూ బస్టాండుకు చేరారు. అక్కడ వేపచెట్టు నీడలో ఉరుకుందమ్మ కూర్చుంది. ఎండ అప్పటికే కాల్చేస్తోంది. ఈరప్ప కోడుమూరు బస్సు సంగతి కనుక్కోవడానికి పోయాడు. గిడ్డమ్మ పుచ్చకాయల బండి దగ్గర కళింగరి పండు ఒకటి కోయించుకుని వచ్చి పక్కన కూర్చుంది. పండులో గింజలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

"మొత్తం రాదంట" అంది ఉరుకుందమ్మ.

"ఇన్న్యా."

"నీకు సంబరమే... గదా?"

"నాకేం సంబరం! మా ఎనుముకు ఈ తూరి చూలు నిల్చినాది. దాన్ని అనేవాళ్లు ఎవరూ లేరని దిగులుగా ఉండాది."

ఉరుకుందమ్మ ముక్క అందుకుని కొరికింది. రసం గడ్డం మీదుగా కారింది. తుడుచుకోలేదు.

ఈరప్ప దూరం నుంచి చేతులూపుతూ పరుగెత్తుకొచ్చాడు. "బస్సు కదుల్తాండాది! లేయండి, బిన్నా రాండి!"

ఉరుకుందమ్మ లేవబోయింది. గిడ్డమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పోనీలేప్పా. నాలుగ్గంటలకు ఇంకోటి ఉండాది. నువ్వూ కూర్చో" అని, పెద్ద ముక్క చూసి ఈరప్ప చేతిలో పెట్టింది.